సగం సగం బొమ్మ గీయక్కర్లేదు

ప్రశ్న: నేను ఫైన్ ఆర్ట్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. అమ్మది ఒక దేశం, నాన్నది ఇంకో దేశం. నేను పుట్టి పెరిగింది ఆ రెండూ కాని మూడో చోట. నాన్న భాష చదవడం, రాయడం వచ్చు. అమ్మ భాష వింటే అర్థమవుతుంది కానీ అక్షరాలు రావు. ఫైనల్ ఎగ్జిబిషన్‌కి 'నేనెవరు' అన్న విషయం తీసుకున్నాను. కాన్వాస్‌ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఒక పక్క అమ్మ వైపు దుస్తులు, నగలు, నేత డిజైన్లు, ఇంకో పక్క నాన్న వైపువి వేసి, మధ్యలో నా ముఖం పెట్టాను. చూసినవాళ్లంతా బాగుందన్నారు. నాకే అది పోస్టర్‌లా అనిపిస్తోంది. మా టీచర్ 'ఇందులో నీ సంస్కృతి ఇంకా గట్టిగా కనబడాలి' అంటున్నారు. అమ్మ తరఫు బంధువులకి ఫోటో పంపితే 'ఈ డిజైన్ ఇలా వెయ్యరు' అన్నారు. నాది కానిదాన్ని వాడుకుంటున్నానేమో అని ఒకటే టెన్షన్. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? చూసేవాళ్లకి అర్థం కావడానికి పక్కన ఎంత వివరణ రాయాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: పదిమంది మెచ్చుకున్నా మీ కన్ను ఒప్పుకోలేదంటే, ముందు ఆ కన్నుని నమ్మండి. మీ ఉత్తరంలో నాకు ధైర్యం కలిగించిన విషయం అదే. బొమ్మ ఎక్కడ తేలిపోయిందో మీకు తెలుసు, ఎందుకు తేలిపోయిందో మాత్రం అంతుపట్టడం లేదు.

నాకు తోచిన కారణం చెబుతాను. మీ అమ్మనీ నాన్ననీ ఒక్కసారి కూడా చూడనివాళ్లు ఆ రెండు దేశాల గురించి కాసేపు వెతికి అచ్చం ఇదే బొమ్మ వేయగలరు. దుస్తులు, నగలు, డిజైన్లు ఒక దేశాన్ని బయటివాళ్లు గుర్తుపట్టడానికి పనికొచ్చే ఆనవాళ్లు. మీరు మీ ఇంటిని గుర్తుపట్టేది వాటితో కాదు కదా. అమ్మ ఫోన్‌లో వాళ్లవాళ్లతో మాట్లాడేటప్పుడు చేతులు ఎలా తిప్పుతుందో, నాన్న కాగితం మీద లెక్క వేసేటప్పుడు అంకెలు ఎలా రాస్తారో, ఇంట్లో ఏ గోడ మీద ఏ ఫోటో ఎంత ఎత్తులో ఉందో, అవి మీకు తెలుసు. ఇంకెవరికీ తెలియవు. అవేవీ మీ కాన్వాస్ మీదకి రాలేదు.

కాన్వాస్‌ని రెండుగా చీల్చడమే తప్పని మాత్రం అనుకోకండి. మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో ఆ పని చేసింది. ఆవిడ తండ్రి జర్మనీలో పుట్టి మెక్సికోకి వచ్చి స్థిరపడిన ఫోటోగ్రాఫర్, తల్లి మెక్సికన్. అమెరికాలో ఉండగా 1932లో వేసిన స్వీయచిత్రంలో ఆవిడ రెండు దేశాల సరిహద్దు మీద నిలబడి ఉంటుంది. ఒక పక్క పాత కట్టడాల శిథిలాలు, పూలమొక్కలు. ఇంకో పక్క పొగగొట్టాలు, ఆకాశాన్నంటే భవనాలు. ఇంతవరకూ మీ బొమ్మకీ దానికీ పెద్ద తేడా లేదు. అడుగుభాగం చూడండి. మొక్కల వేళ్లు నేలలోకి దిగుతాయి, అటు పక్క యంత్రాల కరెంటు తీగలు కూడా అదే నేలలోకి దిగుతాయి. వేళ్లూ తీగలూ లోపల కలుసుకుంటాయి. బొమ్మకి ప్రాణం అక్కడుంది.

1939లో వేసిన 'ఇద్దరు ఫ్రీడాలు' ఇంకా బాగా గమనించాల్సిన బొమ్మ. దాదాపు 173 సెంటీమీటర్ల చదరం. ఇద్దరు ఫ్రీడాలు ఒకే బల్ల మీద చేతులు పట్టుకుని కూర్చుని ఉంటారు. ఒకరిది యూరప్ తరహా తెల్ల గౌను, ఇంకొకరిది మెక్సికోలోని తెహువానా స్త్రీల దుస్తులు. దుస్తుల దగ్గర ఆగిపోతే అది కూడా పోస్టరే అయ్యేది. కానీ ఇద్దరి గుండెలూ బయటికి కనబడుతుంటాయి. తెహువానా దుస్తుల్లో ఉన్న ఫ్రీడా చేతిలో ఒక చిన్న పటం ఉంది, అది ఆవిడ భర్త డియేగో రివేరా చిన్నప్పటి రూపం. అక్కడ మొదలైన రక్తనాళం ఆవిడ చెయ్యి చుట్టుకుని పైకి వెళ్లి, ఒక గుండెలోంచి ఇంకో గుండెకి సాగి, తెల్ల గౌను ఒడిలోకి దిగుతుంది. అక్కడ దాన్ని ఆపరేషన్ కత్తెరతో నొక్కి పట్టి ఉంచినా రక్తం కారుతూనే ఉంది. ఆ చుక్కలు గౌను అంచున కుట్టిన ఎర్రపూల పక్కన పడి, ఏది పువ్వో ఏది మరకో ఒక్క క్షణం పోల్చుకోలేకుండా ఉంటాయి. ఆ ఏడాదే డియేగోతో ఆవిడకి విడాకులయ్యాయి. రెండు సంస్కృతుల విషయం ఒక మనిషి బతుకులోని ఒక ప్రత్యేకమైన నొప్పిని పట్టుకుని వచ్చింది కాబట్టి ఎనభై ఏళ్లు దాటినా అది పాతబడలేదు.

మీ బొమ్మలో రెండు సగాల మధ్య ఉన్నది మీ ముఖం. అది అటూ ఇటూ చూడటం లేదు, దేన్నీ ముట్టుకోవడం లేదు. అంటే రెండు సగాల మధ్య ఏం జరుగుతోందో బొమ్మ చెప్పడం లేదు. ఒకదానిలోంచి ఇంకోదానిలోకి ఏం వెళుతోంది? ఏది వెళ్లలేక ఆగిపోతోంది? అమ్మ మాట వింటే అర్థమవుతుంది, చదవడం మాత్రం రాదన్నారే, అది అలా ఆగిపోయినదే. మీ ఉత్తరం మొత్తంలో నన్ను పట్టి ఆపిన వాక్యం అది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు మీ టీచర్ అన్న మాట సంగతి. ఈ మాట పడ్డవాళ్లలో మీరు మొదటివారేమీ కాదు. యింకా షోనిబారే అనే కళాకారుడు లండన్‌లో పుట్టి నైజీరియాలోని లేగోస్‌లో పెరిగి, మళ్లీ లండన్‌లో ఆర్ట్ చదువుకున్నాడు. ఆ రోజుల్లో సోవియట్ యూనియన్‌లో జరుగుతున్న పెరెస్త్రోయికా అనే రాజకీయ, ఆర్థిక సంస్కరణల మీద బొమ్మలు వేస్తుంటే, 'నువ్వు అసలైన ఆఫ్రికన్ కళ ఎందుకు చెయ్యవు' అని టీచర్ ఒకరు అడిగారట. 'అసలైనది' అంటే ఏమిటి అన్న ఆలోచనలో పడి అతను ఒక బట్ట వెంట వెళ్లాడు. పశ్చిమ ఆఫ్రికా అనగానే అందరికీ గుర్తొచ్చే ఆ రంగురంగుల అద్దకం బట్టకి పుట్టుక ఇండోనేషియాలో మైనంతో చేసే బాతిక్ అద్దకంలో ఉంది. డచ్చివాళ్లు దాన్ని యంత్రాల మీద తయారుచేసి అమ్మారు, దానికి పశ్చిమ ఆఫ్రికాలో బ్రహ్మాండమైన మార్కెట్ దొరికింది, చివరికి అక్కడివాళ్ల సొంత బట్ట అయిపోయింది. షోనిబారే ఆ బట్టని లండన్ బజారులో కొని, పాతకాలపు యూరప్ జమీందారీ దుస్తులుగా కుట్టించి, తలలేని నిలువెత్తు బొమ్మలకి తొడిగాడు. టీచర్ అడిగిన ప్రశ్నని అలా టీచర్‌కే అప్పగించినట్టయింది.

మీ కాన్వాస్ మీద ఉన్న నేత డిజైన్ కథ కూడా ఇలాగే ఎక్కడెక్కడో తిరిగి వచ్చిందేమో చూడండి. ఏ దారం, ఏ రంగు, ఎవరు తెచ్చారు, ఎవరు కొన్నారు, ఎప్పటి నుంచి 'మాది' అంటున్నారు? ఒక డిజైన్ పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకున్నాక దాన్ని ముందు వేసినట్టే మళ్లీ వేయడం మీ చేత కాదు.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. మీది రెండు మూడు దేశాల బతుకు కాబట్టి జీవితాంతం దాని మీదే బొమ్మలు వేయాలని ఎవరూ శాసించలేరు. వచ్చే ఏడాది మీకు మేఘాలే వేయాలనిపించవచ్చు. వేసెయ్యండి. అవి కూడా మీ చెయ్యి వేసిన మేఘాలే.

ఇక నాది కానిదాన్ని వాడుకుంటున్నానా అన్న భయం గురించి. ఈ భయం మంచిదే, కానీ దాన్ని మరీ నెత్తిన పెట్టుకోకండి. అమృతా షేర్‌గిల్ 1913లో బుడాపెస్ట్‌లో పుట్టింది. తల్లి హంగరీ మనిషి, తండ్రి పంజాబీ సిక్కు. పారిస్‌లో చదువు. 1934లో ఆవిడ తనని తాను పసిఫిక్ సముద్రంలోని తాహితీ దీవి యువతిగా వేసుకుంది. తాహితీతో ఆవిడకి ఏ సంబంధమూ లేదు. అది ఫ్రెంచి చిత్రకారుడు గోగాఁ కంటితో లోకం చూసిన తాహితీ. బొమ్మలో ఆవిడ మన వైపు చూడదు, వెనక ఒక మగవాడి నీడ పడుతూ ఉంటుంది. తనని ఎవరి కళ్లు ఎలా చూస్తున్నాయో తెలిసిన అమ్మాయి వేసిన బొమ్మ అది. వేషం వేసుకుంది, అది వేషమని తెలిసి వేసుకుంది. ఆ ఏడాది చివర్లోనే ఇండియాకి వచ్చేసింది. 1935లో వేసిన 'ముగ్గురు అమ్మాయిలు' చూస్తే మనిషి ఎంత మారిపోయిందో తెలుస్తుంది. కళ్లు దించుకుని కూర్చున్న ముగ్గురు, పెద్ద పెద్ద రంగు బట్టల మడతలు, అంతే. ఆ తర్వాత అజంతా చూసి వచ్చి 1937లో దక్షిణాది మనుషుల్ని వేసింది. ఆ బొమ్మల్లో పారిస్ నేర్పిన కట్టుబడీ ఉంది, అజంతా గోడల రంగూ ఉంది. ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకోటి మొదలైందో గీత గీయడం కష్టం. 1941లో, ఇరవై ఎనిమిదేళ్లకే పోయింది పాపం. అప్పటికే ఇంత దూరం నడిచింది.

కాబట్టి తీసుకోవచ్చు. ఎలా తీసుకుంటున్నారన్నదే చూసుకోవాలి. చిత్రకారిణి షాజియా సికందర్ లాహోర్‌లో చదువుకునేటప్పుడు మొఘలు, పర్షియన్ తరహా సూక్ష్మచిత్రాల పద్ధతి కొత్తతరానికి పట్టని పాత విద్య. ఆవిడ దాన్ని పట్టుబట్టి చేతులారా నేర్చుకుంది. కాగితాలని పొరలు పొరలుగా అంటించి నున్నగా రుద్దడం దగ్గర్నుంచీ, ఉడుత వెంట్రుకల కుంచె పట్టడం దాకా. 1989-90లో చేసిన 'స్క్రోల్' అనే పొడవాటి బొమ్మలో రాజులు, వేటలు లేవు. ఒక ఇల్లు ఉంది. తెల్లబట్టల్లో ఒక అమ్మాయి గది తర్వాత గదిలోకి వెళుతూ ఉంటుంది, ముఖం మనకి కనబడదు. చివరికి వచ్చేసరికి ఆమే బొమ్మ వేస్తూ ఉంటుంది. పద్ధతి పాతది, ఇల్లు మాత్రం తనది. నేర్చుకున్నది కాబట్టి ఆ పద్ధతిని తన పనికి వంచగలిగింది.

మీ బంధువులు 'ఇలా వెయ్యరు' అన్నారని కుంగిపోకండి. 'మరి ఎలా వేస్తారు?' అని అడగండి. వేళ్లతో చూపించమనండి, వీడియో తీసి పంపమనండి. మీకు ఉచితంగా దొరికిన గురువులు వాళ్లు. ఒక్క జాగ్రత్త ఉంది. కొన్ని డిజైన్లు పూజకో, ఒక వంశానికో, ఒక తెగకో మాత్రమే చెందినవి ఉంటాయి. వాటిని అక్కడివాళ్లే అందరూ వేయరు. ఆస్ట్రేలియాలో ఆదివాసీ చిత్రకారుల బొమ్మల్ని అనుమతి లేకుండా తివాచీల మీదకి ఎక్కించి అమ్మితే, 1994లో అక్కడి ఫెడరల్ కోర్టు ఆ కళాకారులకి పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. పవిత్రమైన కథలున్న బొమ్మలు కాళ్ల కింద పడ్డాయన్నది వాళ్ల బాధ. మీరు వేసిన డిజైన్ అలాంటిదా అని ఆ బంధువులనే అడగండి. అలాంటిదైతే తీసెయ్యండి, వేరే మాట లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలన్నారు. మీ ఇంట్లో మొదలుపెట్టండి, అది కూడా చేత్తో. కొరియాలో పుట్టి ఎక్కువ కాలం బయటే గడిపిన దో హో సు అనే కళాకారుడు తను అద్దెకున్న న్యూయార్క్ అపార్ట్‌మెంట్ లోపలంతా కాగితం అంటించి రంగు పెన్సిళ్లతో రుద్దాడు. స్విచ్చులు, తలుపు పిడులు, కిటికీ చట్రాలు అన్నీ ఆ కాగితం మీదకి దిగాయి. మీరు ఇంట్లో ఒక్క తలుపు గడియతో మొదలుపెట్టినా చాలు. పల్చటి కాగితం పెట్టి మెత్తటి పెన్సిల్‌ని పడుకోబెట్టి రుద్దితే, కంటికి ఎప్పుడూ కనబడని గీతలు పైకి తేలతాయి. అలీగఢ్‌లో పుట్టి దేశదేశాలు తిరిగిన జరీనా హష్మీ 1999లో ఇంటి మీద ముప్ఫై ఆరు వుడ్‌కట్ (చెక్క మీద చెక్కి తీసిన అచ్చు) ప్రింట్లు చేసింది. చిన్న చిన్న గీతలు, ఒక్కో దాని కింద ఒక్కో ఉర్దూ మాట. మనిషి లేడు, నగ లేదు, దుస్తులు లేవు. అయినా చూసినవాళ్లకి ఇల్లు వదిలిన దిగులు తెలుస్తుంది.

ఇప్పుడు అమ్మ అక్షరాల దగ్గరికి వద్దాం. అమ్మని ఒక కాగితం మీద ఏదైనా రాయమనండి. మీకు చెప్పాలనుకున్నదైనా సరే, సామాన్ల జాబితా అయినా సరే. మీకు చదవడం రాదు కాబట్టి ఆ రాత మీకు బొమ్మలాగే కనబడుతుంది. దాన్ని మీ చేత్తో కాపీ చేయండి. అమ్మ చెయ్యి ఎక్కడ ఆగింది, ఎక్కడ నొక్కింది, ఎక్కడ తొందరపడింది అన్నది మీ చేతికి తెలుస్తుంది. కొన్నాళ్లు పోయాక నేర్చుకుంటే మంచిదే, నేర్చుకోకముందు కాలం మళ్లీ రాదు. ఇప్పుడే చేసెయ్యండి.

ఆ రాతనీ పాత ఫోటోల్నీ కాన్వాస్ మీదకి తేవాలంటే, ప్రింట్‌లోని బొమ్మని ఇంకో చోటికి దించే ట్రాన్స్‌ఫర్ పద్ధతి మీకు బాగా పనికొస్తుంది. నైజీరియా నుంచి అమెరికా వెళ్లిన ఎన్‌జిడేకా అకున్యిలి క్రాస్బీ పెద్ద పెద్ద కాగితాల మీద తన ఇంటి గదులు వేసి, గోడలనీ నేలనీ నైజీరియా పత్రికల ఫోటోలతో, ఇంటి ఆల్బమ్ ఫోటోలతో ఇలాగే నింపుతుంది. దూరం నుంచి వాల్‌పేపర్‌లా ఉంటుంది, దగ్గరికెళితే ముఖాలు. ఆవిడ అందుకు అసిటోన్ అనే ఘాటైన, సులువుగా అంటుకునే ద్రావకం వాడుతుంది. మీరు ఆక్రిలిక్ జెల్‌తో మొదలుపెట్టండి, ప్రమాదం తక్కువ. ఒరిజినల్ ఫోటో ముట్టుకోకండి. స్కాన్ చేసి లేజర్ ప్రింట్ తీయించండి, ఇంక్‌జెట్ అయితే నీళ్లు తగలగానే రంగు కారిపోతుంది. ప్రింట్ తీసేముందు బొమ్మని అద్దంలోలాగా తిప్పండి, లేకపోతే అమ్మ రాత కుడి ఎడమలు తారుమారవుతుంది, మీకు చదవడం రాదు కాబట్టి తప్పు జరిగినట్టు కూడా తెలియదు. కాన్వాస్ మీద జెల్ సమంగా రాసి, ప్రింట్‌ని బోర్లా పెట్టి, గాలిబుడగలు పోయేలా మధ్యలోంచి అంచులకి నొక్కండి. రాత్రంతా ఆరనివ్వండి. మర్నాడు వెనక వైపు నీళ్లతో తడిపి వేలితో మెల్లగా రుద్దుతూ పోతే కాగితం పిసరు పిసరుగా ఊడివస్తుంది, బొమ్మ ఉండిపోతుంది. ఆరాక తెల్లటి పొర మళ్లీ తేలుతుంది, మళ్లీ తడిపి రుద్దాలి. గట్టిగా రుద్దితే ముఖమే లేచిపోతుంది. ఎంత రుద్దాలో, ఎక్కడ ఆపాలో, ఏ ముఖాన్ని సగం పోనివ్వాలో నిర్ణయించేది మీ వేలే. తర్వాతెప్పుడైనా అసిటోన్ ప్రయత్నిస్తే కిటికీలు తీసి, గ్లవ్స్ వేసుకుని, మంటకి దూరంగా చేయండి.

మిగిలింది వివరణ. కళాకారిణి మోనా హాటూమ్ బీరూట్‌లో పుట్టిన పాలస్తీనా కుటుంబం అమ్మాయి. 1975లో లెబనాన్‌లో యుద్ధం మొదలయ్యాక లండన్‌లోనే ఉండిపోవాల్సి వచ్చింది. 1988లో ఆవిడ చేసిన వీడియోలో తల్లి ఫోటోల మీద తల్లి రాసిన ఉత్తరాల అరబిక్ అక్షరాలు తెరలా పరుచుకుని ఉంటాయి. వెనక నుంచి ఆ ఉత్తరాలనే ఆవిడ ఇంగ్లీషులో చదువుతుంటే, తల్లీకూతుళ్లు అరబిక్‌లో మాట్లాడుకునే మాటలూ నవ్వులూ కలిసి వినబడతాయి. ఆ మాటల్ని మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. అరబిక్ తెలిసినవాళ్లకి ఒకటి అందుతుంది, తెలియనివాళ్లకి ఇంకోటి. ఎవరికీ అన్యాయం జరగలేదు.

మీరు గోడ మీద పెట్టే కాగితంలో ఏ వస్తువులతో చేశారు, ఏ సంవత్సరం, ఆ చేతిరాత ఎవరిది అన్నవి రాయండి. రెండు మూడు వాక్యాలు చాలు. ఏ రంగు దేనికి గుర్తో, ఏ సగం ఏ దేశమో రాయకండి. అమ్మ ఏం రాసిందో చెప్పాలా వద్దా అన్నది అమ్మనే అడగండి, అది ఆవిడ రాత. టీచర్‌కి మాటలతో జవాబు చెప్పనక్కర్లేదు. పాత కాన్వాస్‌నీ, గడియ రుద్దిన కాగితాన్నీ, మొదటి ట్రాన్స్‌ఫర్‌నీ పక్కపక్కన పెట్టి, ఎటు వెళ్లమంటారని అడగండి. బొమ్మ ముందు నిలబెట్టి అడిగితే చాలామంది టీచర్లు మంచి సలహాయే ఇస్తారు. ఆ పాత కాన్వాస్ పారెయ్యకండి. ఎండిపోయిన ఆక్రిలిక్ మీద జెల్ బాగానే పట్టుకుంటుంది, మీ తొలి ట్రాన్స్‌ఫర్లకి అదే వాడుకోవచ్చు. ఆయిల్ రంగులైతే మాత్రం దాని మీద ఆక్రిలిక్ జెల్ నిలవదు, కొత్త కాన్వాస్ తీసుకోండి.